కుంభకర్ణుడని వెక్కిరించకండి

తరగతిలో తూగే పిల్లవాణ్ని కుంభకర్ణుడని వెక్కిరించడం, బెంచీ ఎక్కించడం మన బడులకు అలవాటు. రాత్రి చాలినంత నిద్రపోయినా నెలల తరబడి పగలు నిద్ర ఆగకపోతే, అది సోమరితనం కాదు, నార్కోలెప్సీ అనే వ్యాధి కావచ్చు. మెదడులో మెలకువను నిలిపే హైపోక్రెటిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు ఈ రోగులలో చాలామందికి నశించిపోతాయి. ఈ సంగతి 2000లోనే రుజువైంది. బెత్తం దెబ్బలకు ఆ కణాలు తిరిగి మొలకెత్తుతాయా?

మరొక లక్షణం గమనించండి. పకపకా నవ్వగానే కొందరికి మోకాళ్లు సడలిపోతాయి, కూలబడతారు. స్పృహ మాత్రం పోదు. దీనిని మూర్ఛగా పొరబడి ఏళ్ల తరబడి ఆ మందులే మింగిస్తారు. నిద్ర అంచున కాలూ చేయీ కదలక, గుండెలపై ఎవరో కూర్చున్నట్లుందంటే ఇక తాయెత్తులే! (ఎప్పుడైనా ఒకసారి ఇది ఆరోగ్యవంతులకూ జరుగుతుంది. బెంబేలుపడకండి.)

భూతవైద్యుని వద్దకు కాదు, నరాల వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. రాత్రి నిద్ర పరీక్ష, మరునాడు పగటి నిద్ర పరీక్ష చేస్తారు. పగటి పరీక్షలో సగటున 8 నిమిషాలలోపే నిద్ర పట్టడం ముఖ్యమైన ఆధారం. పూర్తిగా నయంచేసే మందు లేదు. అయినా వయసును బట్టి వైద్యుడిచ్చే మొడాఫినిల్ వంటి మందులతో, వేళకు తీసే 20 నిమిషాల కునుకుతో చదువు సాగుతుంది. వ్యాధి అదుపులోకి వచ్చేదాకా బండి నడపనివ్వకండి. ఆ కునుకుకు బడిలో చోటిమ్మని ప్రధానోపాధ్యాయుణ్ని నిలదీసి అడగండి.