సంతకం పెట్టే ముందు అడగండి

కిందటి నెలలో ఒకరోజు, ఓపీలో రద్దీ తగ్గాక, ఒకావిడ గుమ్మం దగ్గర నిలబడి "లోపలికి రావచ్చా డాక్టరు గారూ?" అని అడిగారు. చేతిలో పసుపురంగు ఫైలు. ఆవిడ భర్త నాకు చాలాకాలంగా తెలుసు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. పద్నాలుగేళ్ళుగా చక్కెర జబ్బు. ఈమధ్య మూత్రంలో ప్రొటీను పోతోంది. అంటే మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైందన్నమాట.

నగరంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళితే, అక్కడి డాక్టరు ఏదో కొత్త మందు గురించి చెప్పి, ఇంగ్లీషులో ఉన్న కాగితాల కట్ట ఒకటి చేతికిచ్చి, ఆలోచించుకుని రమ్మన్నారట. "మందులూ, రక్తపరీక్షలూ అన్నీ ఉచితమే కదా, సంతకం పెట్టేయండి" అంటున్నాడట అల్లుడు. "మనుషుల మీద ఎలకల మీద చేసినట్టు ప్రయోగాలు చేస్తారు, వద్దే వద్దు" అంటోందట ఆడపడుచు.

"మీరు పెట్టమంటే పెడతాం, వద్దంటే మానేస్తాం. మీ మాటే మాకు మాట" అన్నారావిడ.

ఆ మాటకి నేను సంతోషించాలి. కాని నిజం చెబుతున్నాను, కాస్త సిగ్గేసింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఎంతమంది చేత ఆపరేషను కాగితాల మీద "ఇదిగో, ఇక్కడ సంతకం చెయ్యి" అని వేలుతో చోటు చూపించి సంతకం పెట్టించానో! అందులో ఏముందో అందరికీ విడమరిచి చెప్పానని గుండెమీద చెయ్యివేసుకుని చెప్పలేను. రోగులు అడగరు, మేము చెప్పం. ఈ అలవాటు మామూలు వైద్యంలోనే మంచిది కాదు. కొత్త మందుల పరీక్షల విషయంలో అయితే ప్రమాదం కూడా. అందుకే ఈ వారం దీన్ని గురించి రాస్తున్నాను.

అసలు పరీక్ష ఎందుకు?

క్లినికల్ ట్రయల్ అంటే ఒక మందు మనిషికి నిజంగా పనిచేస్తుందా, చేస్తే ఎంత, హాని ఏమిటి అని ఒక పద్ధతి ప్రకారం తేల్చుకోవడం. ముందు ప్రయోగశాలలో, జంతువుల మీద చూస్తారు. ఆ తరువాతే మనుషుల దగ్గరికి వస్తుంది. మొదటి దశలో కొద్దిమందికి ఇచ్చి, శరీరం ఎంత మోతాదు తట్టుకుంటుందో చూస్తారు. వీళ్ళు చాలావరకు ఆరోగ్యవంతులే. రెండో దశలో ఆ జబ్బు ఉన్న కొందరికి ఇస్తారు. మూడో దశలో వందలు, వేలమంది రోగులకు ఇచ్చి, ఇప్పుడు వాడుతున్న వైద్యంతో పోల్చిచూస్తారు. మందు బజారులోకి వచ్చాక కూడా నాలుగో దశ పేరుతో కనిపెట్టి ఉంటారు.

"ఇంత తతంగం దేనికి? అనుభవం ఉన్న డాక్టరు చూసి చెబితే చాలదా?" అని మీరు అడగవచ్చు. చాలదు. ఎందుకు చాలదో మా ప్రొఫెసరు గారు చెప్పిన ఉదాహరణే మీకూ చెబుతాను.

గుండెపోటు వచ్చి తగ్గిన వాళ్ళలో కొందరికి గుండె లయ తప్పి కొట్టుకుంటుంది. అలాంటి వాళ్ళు హఠాత్తుగా చనిపోయే అవకాశం ఎక్కువ. లయను సరిచేసే మందులు వచ్చాయి. ఇ.సి.జి. తీస్తే గీత చక్కగా కనబడేది. లయ సరి అయింది కాబట్టి మనిషి కూడా బతుకుతాడని పెద్ద పెద్ద గుండె డాక్టర్లే నమ్మారు. అమెరికాలో 1987లో దీన్ని పరీక్షకు పెట్టారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే రెండు మందుల్లో ఏదో ఒకటి 755 మందికి ఇచ్చారు. అచ్చం అలాగే కనబడే ఉత్తమాత్రలు 743 మందికి ఇచ్చారు. 1989లో మధ్యలోనే ఆపేయవలసి వచ్చింది. ఎందుకో తెలుసా? ఉత్తమాత్ర వేసుకున్న వాళ్ళలో 26 మంది చనిపోతే, మందు వేసుకున్న వాళ్ళలో 63 మంది చనిపోయారు! గీతను సరిచేసిన మందే మనిషిని తీసుకుపోయింది. పోల్చిచూడకపోతే ఈ సంగతి ఎప్పటికి బయటపడేదో! చనిపోయిన వాళ్ళని "పాపం, గుండెజబ్బుతో పోయారు" అనుకునేవాళ్ళం, అంతే.

అందుకే పరీక్షలో ఎవరికి కొత్త మందు, ఎవరికి పాతది అన్నది డాక్టరు ఇష్టానికి వదలరు. చీటీలు తీసినట్లు కేటాయిస్తారు. చాలా పరీక్షల్లో తనకి ఏది వచ్చిందో రోగికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు. ఇందులో మోసం లేదు. తెలిస్తే మన ఆశలు లెక్కల్లోకి జొరబడతాయి కాబట్టి ఈ జాగ్రత్త. అయితే ఈ సంగతి రోగికి ముందే చెప్పి తీరాలి.

మద్రాసు రోగుల పుణ్యం

పరీక్షల వల్ల పేదవాడికి ఒరిగేదేమీ లేదనుకోకండి. మన పక్కనే జరిగిన ఒకటి చెబుతాను.

ఒకప్పుడు క్షయ వచ్చిందంటే శానిటోరియంలో చేరాలి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం పేరు మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి ఉంటేగాని ఆ జబ్బు నయం కాదనేవారు. కాని రోగులు లక్షల్లో, మంచాలు వేలల్లో! 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఒకటి నెలకొల్పారు. ఇరుకు ఇళ్ళలో ఉండే 193 మంది రోగులను తీసుకుని, చీటీ పద్ధతినే, కొందరిని శానిటోరియంలో ఉంచారు, కొందరిని ఇంటిదగ్గరే ఉండమన్నారు. ఇద్దరికీ ఒకే మందులు, ఒక సంవత్సరం పాటు. ఇంటిదగ్గరున్న వాళ్ళకి తిండి అంతంత మాత్రం, విశ్రాంతి తక్కువ. అయినా 1959లో ఫలితాలు ప్రకటించినప్పుడు చూస్తే, ఇంటిదగ్గరున్న వాళ్ళకీ ఇంచుమించు అంత బాగానూ తగ్గింది. ఇంట్లో మిగతావాళ్ళకి అదనంగా జబ్బు అంటుకోవడం కూడా కనబడలేదు. నయం చేసింది మందు, మంచం కాదు!

ఇవాళ క్షయ రోగి మాత్రలు తెచ్చుకుని, ఇంట్లోనే పిల్లాపాపలతో ఉంటూ నయం చేసుకుంటున్నాడంటే దాని వెనక ఆ 193 మంది ఉన్నారు. వాళ్ళ పేర్లు మనకు తెలియవు. ప్రపంచమంతా వాళ్ళకి రుణపడి ఉంది.

ఖమ్మం నేర్పిన పాఠం

మరి ఆడపడుచు గారి భయం అర్థం లేనిదా? కాదు. దానికీ ఆధారం ఉంది, అదీ మన గడ్డ మీదనే.

2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా టీకాలు వేశారు. ఖమ్మంలో వేయించుకున్న వాళ్ళలో గిరిజన బాలికలు, హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు చాలామంది. రెండుచోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆ పథకాన్ని ఆపేశారు. విచారణ జరిపిన సంఘం ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదంది. కాని అనుమతి కాగితాలు తిరగేస్తే ఏం బయటపడింది? తల్లిదండ్రుల సంతకాలు ఉండవలసిన చోట హాస్టలు వార్డెన్ల సంతకాలు! ఊళ్ళో ఉన్న తల్లికీ తండ్రికీ కబురే లేదు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ టీకా చెడ్డది కాదు. ఎన్నో దేశాల్లో వాడుతున్నారు, ఆడపిల్లలకి మేలు చేస్తోంది. మీ పిల్లలకి వేయించడానికి వెనకాడకండి. అక్కడ తప్పు జరిగింది సూదిలో కాదు, సంతకంలో. మంచిపని అయినా సరే, చెప్పకుండా చేస్తే జనానికి నమ్మకం పోతుంది. పోయిన నమ్మకం తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది.

ఆ తరువాత కట్టుబాట్లు పెరిగాయి. 2019లో కొత్త నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి పరీక్షకూ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. అందులో డాక్టర్లే కాదు, న్యాయశాస్త్రం తెలిసినవారు, ఒక స్త్రీ, ఒక మామూలు పౌరుడు కూడా ఉండాలి. పరీక్ష వివరాలు కేంద్ర రిజిస్ట్రీలో నమోదు చేయాలి. వాటిని ఎవరైనా చూడవచ్చు. పరీక్ష జరుగుతుండగా రోగికి హాని కలిగితే ఉచితంగా వైద్యం చేయించాలి. ఆ హాని పరీక్ష వల్లనే అయితే నష్టపరిహారం ఇవ్వాలి. నిబంధనలు మంచివే. అయితే అడిగేవాడుంటేనే అవి పనిచేస్తాయి.

ఏమేం అడగాలి?

ఆవిడకి నేను ఒక కాగితం మీద రాసిచ్చిన ప్రశ్నలే ఇక్కడ ఇస్తున్నాను. కత్తిరించి దాచుకోండి.

1. ఈ కాగితాలు తెలుగులో ఇస్తారా? మీకు వచ్చిన భాషలో ఉండాలి. సంతకం పెట్టాక ఒక ప్రతి మీకివ్వాలి. చదవడం రానివాళ్ళకి, సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి.

2. ఇది ఎన్నో దశ? ఇంతకుముందు ఎంతమందికి ఇచ్చారు? వాళ్ళకి ఏమేం ఇబ్బందులు వచ్చాయి?

3. కొత్త మందు కాకపోతే నాకు వచ్చేది ఏమిటి? పాత మందా, ఉత్తమాత్రా? ఇప్పుడు వేసుకుంటున్న మందులు ఆపమంటారా?

4. ఈ పరీక్షలో చేరకపోతే నాకున్న వైద్యం ఏమిటి?

5. ఎన్నిసార్లు రావాలి? ఎన్నిసార్లు రక్తం తీస్తారు? దారి ఖర్చులు ఎవరివి?

6. అర్ధరాత్రి ఏదైనా అయితే ఎవరికి ఫోను చెయ్యాలి? నా వైద్యం ఎవరు చేయిస్తారు?

7. మధ్యలో మానేస్తానంటే? మానేయవచ్చు. ఏ రోజైనా, కారణం చెప్పకుండానే. అంతమాత్రాన మీకు అందే మామూలు వైద్యం ఆపకూడదు.

8. పరీక్ష అయిపోయాక మందు నాకు పనిచేసిందని తేలితే, ఆ తరువాత ఇస్తారా?

పరీక్షలో ఉన్న మందుకి ఎవరైనా మీ దగ్గర డబ్బు అడిగితే వెంటనే అనుమానించండి. "ఇవాళే సంతకం పెట్టాలి, రేపైతే చోటుండదు" అని తొందరపెట్టినా అంతే. ఇంటికి తీసుకెళ్ళి నలుగురితో మాట్లాడుకునే హక్కు మీకుంది.

మరో సంగతి. డబ్బు ఇస్తారని మొదటి దశ పరీక్షలకు ఒకచోటి నుంచి ఇంకోచోటికి, ఇంట్లో చెప్పకుండా తిరిగే కుర్రాళ్ళున్నారు. ఒక మందు ఒంట్లోంచి పూర్తిగా పోకముందే మరొకటి వేసుకోవడం చాలా ప్రమాదం. వెనకటి పరీక్ష సంగతి దాచకూడదు. అది మీ ప్రాణానికే ముప్పు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి గుర్తుపెట్టుకోండి. పరీక్ష వేరు, వైద్యం వేరు. వైద్యంలో డాక్టరు ఆలోచించేది మీ ఒక్కరి గురించే. పరీక్షలో మీతోపాటు రేపు రాబోయే రోగుల గురించి కూడా. మీకు మేలు జరగవచ్చు, జరగకపోవచ్చు. అది తెలిసి చేరితే అంతకంటే గొప్ప దానం లేదు. తెలియకుండా చేర్పిస్తే అంతకంటే పెద్ద ద్రోహం లేదు.

ఇంతకీ ఆవిడ ఏం చేశారంటారా? మూడు వారాల తరువాత భార్యాభర్తలిద్దరూ వచ్చారు. తెలుగు కాగితాలు అడిగి తీసుకున్నారట. అక్కడి డాక్టరు గంటసేపు కూర్చోబెట్టి నా ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పారట. పాత మందులు ఆపరని, వాటికి తోడుగానే ఇస్తారని తేలింది. ఆయన బాగా ఆలోచించుకుని తనే సంతకం పెట్టారు.

"నాకొచ్చింది మందో, ఉత్తమాత్రో తెలీదండీ" అన్నారాయన నవ్వుతూ. "తెలీకూడదని మాత్రం తెలుసు."

ఆయన చేరకుండా ఉన్నా నేను ఇంతే సంతోషించేవాణ్ణి. మీరు కూడా డాక్టరు ముందు నోరు విప్పడానికి మొహమాటపడకండి. అడిగితే విసుక్కునే డాక్టరుంటే, ఆ కాగితం అక్కడే పెట్టి ఇంటికి వచ్చేయండి.