శామ్ అన్న మాట

అద్భుత కథలు వ్రాయువారికి చిరకాలముగా అక్కరకు వచ్చుచున్న ఉపాయ మొకటి కలదు. పాపము చేసిన పాత్రపై పాఠకునకు జాలి పుట్టింపవలెనన్నచో ఆ పాత్రను చంపివేయుటయే ఆ ఉపాయము. టోల్కీన్ రచించిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో బోరోమిర్ అను వీరుడు, నాశనము చేయుటకై ఫ్రోడో మోసికొనిపోవుచున్న మాయ ఉంగరమునకై ఆశపడి అతనిపైకి దూకి, కొంతసేపటికే పశ్చాత్తప్తుడై, తోడివారైన మెర్రీ, పిప్పిన్‌లను కాపాడుటకు పోరాడి, ఒడలెల్ల బాణములు నాటుకొనగా నేలకొరిగి, ఆరగార్న్ ఎదుట తప్పొప్పుకొని కన్నుమూసెను, పాఠకులు కంటతడి పెట్టిరి, లెక్క చెల్లిపోయెను. హారీ పాటర్ కథలోని స్నేప్ సంగతియు ఇంచుమించు ఇట్టిదే. 2007లో వెలువడిన చివరి సంపుటములో అతడు చనిపోవుచు విడిచిన జ్ఞాపకములు చదివినంతనే, తరగతిగదిలో నెవిల్ అను పిరికి బాలుని అతడు ఏండ్ల తరబడి వణకించిన సంగతి మనకు మరపునకు వచ్చును. హారీ తల్లి లిలీపై అతనికి గల ప్రేమ నిజమే. దానికొరకు అతడు తలకెత్తుకొన్న ప్రమాదములును నిజములే. హారీ తన కొడుకునకు అతని పేరు కూడ పెట్టుకొనెను. నెవిల్‌ను మాత్రము ఆ సంపుటములో ఎవరును అడిగిన పాపమున పోలేదు.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. తెనాలి రామకృష్ణకవి పాండురంగమాహాత్మ్యములోని నిగమశర్మ పెద్దల సొత్తు తగులబెట్టి, బుద్ధి చెప్పి ఇంట నిలుపవచ్చిన అక్క ముక్కరను సైతము ఎత్తుకొని పరారియై, చేయరాని పనులెన్నియో చేసి, తుదకు పుణ్యక్షేత్రమున ప్రాణములు విడిచిన ఫలముచేత యమభటుల చేతికి చిక్కక తరించెను. క్షేత్రమహిమ చెప్పదలచిన కవికి అది చాలును. కాని మనవారికి మనసున నిలిచినది ఆ మోక్షము కాదు, పేరైన లేని ఆ అక్క. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ప్రత్యేకముగా వ్యాసము వ్రాసినది ఆమెను గూర్చియే.

చావుతో లెక్క కొట్టివేయక, బ్రతికియున్న పాపికి మారుటకు నిజముగా ఒక గడియ దొరకినట్లును, అది చేజారిపోయినట్లును చూపిన ఘట్టము నేనెరిగిన అద్భుత కథలలో ఒకటే ఉన్నది. అది టోల్కీన్ కథలలోని గొల్లమ్‌ది. 1937 నాటి ‘హాబిట్’ మొదటి ముద్రణలో ఈ గొల్లమ్ అంత చెడ్డవాడు కాడు. పొడుపుకథల పందెములో ఓడి, ఇత్తునన్న ఉంగరము కనబడకపోగా క్షమాపణ వేడుకొని కథానాయకుడు బిల్బోకు బయటపడు దారి చూపును. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అను పెద్ద కథ పెరుగుకొలది ఆ మంచితనము పొసగక, 1951 ముద్రణలో టోల్కీన్ ఆ అధ్యాయమును తిరుగవ్రాసి, ఉంగరము పోయినందుకు బిల్బోను చంపబూనిన వానినిగా అతనిని మార్చెను. పెద్ద కథలో అతని పూర్వచరిత్ర మరింత ఘోరము: స్మీగల్ అను పేరుతో మనవలె తిరుగాడిన దినములలో, తన పుట్టినరోజునాడు, నదిలో ఉంగరము దొరకిన చెలికాని గొంతు నులిమి దానిని అపహరించినవాడు. ఫ్రోడో అతనిని ఆ పాత పేరుతోనే పిలుచును. అట్లు పిలిచి ఎన్ని శతాబ్దములైనదో!

ఉంగరమును నాశనము చేయబోవు దారిలో, కిరిత్ ఉంగోల్ అను కనుమ మెట్లపై, ఫ్రోడో, అతని సేవకుడు శామ్ అలసి నిదురపోవుదురు. వారికి దారి చూపుచున్న గొల్లమ్ అప్పుడే వెలుపలి నుండి వచ్చును. ఎక్కడనుండి? వీరిద్దరిని ఆహారముగా అప్పగింపదలచిన షీలాబ్ అను మహాసాలీడు గుహనుండి. ఆ ద్రోహపు టాలోచనతో వచ్చినవాడు, నిదురించుచున్న వారి ముఖములలోని శాంతిని చూచి నిలిచిపోయి, తల త్రిప్పి కొండదారి వంక చూచి, తనలో తాను పెనగులాడి, వణకుచున్న చేతిని మెల్లగా చాచి ఫ్రోడో మోకాలిని తాకును. ఆ క్షణమున చూచినవారికి అతడు బంధువులను, కాలమును దాటిపోయి మిగిలిన, ఫ్రోడో జాతివాడగు ఒక ముసలి హాబిట్టువలె కనబడునట. ఫ్రోడో నిదురలో కదలి కేక వేయుటయు, శామ్ మేల్కొని దొంగచాటుగా ఎక్కడికి పోయితివని కసరుటయు జరిగెను. గొల్లమ్ కన్నులలో మరల పచ్చని మెరుపు పుట్టెను. శామ్ పిమ్మట కొంత మెత్తబడి క్షమించుమనెను గాని అది పనికిరాలేదు. 1945 జనవరిలో కుమారుడు క్రిస్టఫర్‌కు వ్రాసిన లేఖలో టోల్కీన్, తన మనస్సును మిక్కిలి కదలించిన ఘట్టములలో ఇదియు ఒకటని చెప్పుకొనెను.

ఇందులో గొప్పతన మేమనగా, శామ్ అనుమానము అక్షరాల నిజము. గొల్లమ్ దొంగచాటుగనే పోయెను, ద్రోహము తలపెట్టియే వచ్చెను. శామ్ దుర్మార్గుడు కాడు. ఆ కథ మొత్తముమీద అంతటి విశ్వాసపాత్రుడు వేరొకడు లేడు. యజమానిపై ప్రేమయు, నిదురలేమియు, అనుభవము నేర్పిన జాగ్రత్తయు కలిసి అతని నోట ఆ మాట పలికించెను. నిజమైన మాట, తగినవాడు, తగిన కారణముతో అన్న మాట. అది గొల్లమ్‌కు దొరకిన ఆ ఒక్క గడియను తీసికొనిపోయెను. అతని ద్రోహమునకు శామ్ బాధ్యుడని నేననను, కాని ఆ రాత్రి మారదలచినవాని చేతిని శామ్ చూడలేదనియు అనక తప్పదు. ఉంగరమును కాల్చివేయవలసిన అగ్నిపర్వతము మీద దానిని వదలలేక ఫ్రోడోయే తడబడి తనదిగా చెప్పుకొనగా, అతని వ్రేలిని కొరికి ఉంగరముతో అగ్నిలో పడిన గొల్లమ్‌వలననే లోకము గట్టెక్కెను. అది అతని పుణ్యమని టోల్కీన్ చెప్పలేదు. అతనిని క్షమింతమని ఫ్రోడో మాత్రము శామ్‌తో అనెను.

2003లో వచ్చిన పీటర్ జాక్సన్ చలనచిత్రమునందు ఈ మెట్లపై వేరొక కథ నడచును. గొల్లమ్ రొట్టెలను లోయలోనికి విసరివైచి, వాటి తునకలను శామ్ అంగీపై చల్లి నేరము మోపగా, ఫ్రోడో నమ్మి శామ్‌ను తరిమివేయును. ప్రేక్షకుడు గొల్లమ్‌ను నిశ్చింతగా అసహ్యించుకొనవచ్చును, శామ్‌ను నిశ్చింతగా ప్రేమింపవచ్చును. సినిమాకు ఉత్కంఠ కావలెనని ఒప్పుకొందును. అయినను మూడు గంటలకు మించి నడచిన ఆ చిత్రములో, మోకాలిని తాకిన చేతికి అర నిమిష మైనను చోటు దొరకకపోవుట నాకు మింగుడుపడలేదు.