ఏడు నిమిషాల పరుగుకు ముందు

తమిళనాడు పోలీసు కొలువు కావాలంటే మగవాళ్లు 1500 మీటర్లు 7 నిమిషాల్లో పరుగెత్తాలి. హోసూరు, కృష్ణగిరి తెలుగిళ్ల కుర్రాళ్లకూ అదే గడియారం. ప్రకటన రాగానే పరుగు మొదలు. కొన్ని వారాలకే కొందరికి మోకాలి కింది ఎముక సలుపు మొదలు.

పరుగును వారానికి పది శాతానికి మించి పెంచొద్దన్నది పాత సూత్రం. దాన్ని పాటించిన కొత్తవాళ్లకూ గాయాలేమీ తగ్గలేదని 2008లోనే డచ్ పరిశోధన తేల్చింది. 2025లో 5,205 మందిని పరిశీలించిన డెన్మార్క్ పరిశోధకులు వేరే కారణాన్ని వేలెత్తి చూపారు: గడచిన 30 రోజుల్లో పరుగెత్తిన అత్యధిక దూరాన్ని ఒకే పూట పది శాతానికి మించి దాటితే ముప్పు పెరుగుతుంది. వారం లెక్క కాదు, ఆ ఒక్క పూట. ఆదివారం హుషారే కొంప ముంచుతుందన్నమాట!

దూరంతో పాటు కాలి బలమూ చూసుకోవాలి. గడియారం వేగాన్ని కొలుస్తుంది గానీ పిక్క సత్తువను కాదు. ఒంటికాలిపై నిలబడి మడమ ఎన్నిసార్లు ఎత్తగలరు, కుడి ఎడమల మధ్య తేడా ఎంత? ఫిజియోథెరపిస్టు నిమిషాల్లో చెప్పగలరు. కావలసింది ఒక గోడ, కాస్త ఓపిక. శిక్షణ మైదానాల్లో ఈ పరీక్ష మొదటి రోజే జరగాలి, కాలు కుంటడం మొదలయ్యాక కాదు.