సీసా మీద నానో అని రాస్తే పిడుదు చస్తుందా?

ఈ వారం టమోటా రేటు గురించి రాస్తానని చెప్పినాను. అది తర్వాత. మొన్న సంతలో చూసింది మనసులో తిరుగుతూనే ఉంది, అందుకని ఇది ముందు రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

సంతలో ఒకాయన బల్ల మీద నీలం సీసాలు వరసగా పేర్చి మైకులో చెప్తున్నాడు. నానో టెక్నాలజీ అంట. ఒక్కసారి కొడితే ఆరు నెలలు పిడుదు ఎక్కదంట, ఈగ వాలదంట, గాలికుంటు కూడా దగ్గరికి రాదంట. నలుగురైదుగురు జేబులో నుంచి డబ్బులు తీస్తున్నారు. అందులో ఒకాయన నాకు మామ వరస. అడ్డంపోయి వద్దు మామా అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయినాను. ఎందుకంటే రెండేళ్ల కిందట అట్లాంటి సీసానే నేనూ కొన్నాను. ఆ సంగతి ఇంతవరకు ఈ పేజీలో రాయలేదు. సిగ్గేసి రాయలేదు.

అప్పుడు మా కొట్టంలో మూడు ఆవులు, రెండు పెయ్యలు. పెద్ద పెయ్య జెర్సీ సంకరం, ఇరవై నెలలది. ఎదకొస్తే సూది వేయిద్దామని చూస్తున్నాం. ఆ ఎండాకాలం పిడుదులు మామూలుగా లేవు. చెవుల్లో, పొదుగు సందుల్లో, తోక కింద, ఎక్కడ చూసినా అవే. ఎప్పుడూ కొట్టే మందు రెండుసార్లు కొట్టినా రాలలేదు. అట్లాంటప్పుడు ఎవరో కొత్తది అని చెప్తే మనిషి ఆశపడతాడు. లీటరు 1,850 రూపాయలు పెట్టి తెచ్చినాను. కొట్టినాక మూడు రోజులు తగ్గినట్టే కనిపించింది. దాంతో రోజూ చేత్తో ఏరే పని మానేసినాను. పశువుల డాక్టరుకు ఒక మాట చెప్పమని మా ఇంటామె అంటే, నానో మందు కొట్టినాం గదా, ఇంకెందుకు అని నేనే ఆపినాను.

పదిహేను రోజులకు పెయ్య మేత ముట్టలేదు. ఒళ్లు పెనం మాదిరి కాలుతోంది. జబ్బ ముందర కోడిగుడ్డంత గడ్డ. ఎక్కడో పొడుచుకుని దెబ్బ తగిలిందనుకున్నాను. అనుకుని ఏం చేసినాను? ఇంకోసారి ఆ సీసా మందే కొట్టినాను. నాలుగో రోజు డాక్టరు వచ్చి కంటి రెప్ప తిప్పి చూస్తే లోపల తెల్లగా పాలిపోయింది. రక్తం పరీక్ష చేస్తే థైలీరియా. సూది వేసినారు. నాలుగు రోజుల ముందు పిలిచి ఉంటే అని ఆయన అనబోయి, నా మొహం చూసి ఆపేసినాడు. రెండో రోజు తెల్లవారుజామున పెయ్య పోయింది. అమ్మితే ముప్పై అయిదు వేలు పలికే పెయ్య. మా ఇంటామె రెండు రోజులు కొట్టంలోకి పోలేదు, పాలు నేనే పిండినాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నానో అంతా మోసమని నేను చెప్పడం లేదు. అట్లా చెప్పేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లు చదవకుండా చెప్తున్నారు. నేను ఇంటరు వరకే చదివినాను, కానీ పెయ్య పోయినాక కసిగా కూర్చుని తెలుసుకున్నాను. చదువుకున్న పిల్లల్ని, డాక్టరు గారిని విసిగించి మరీ అడిగినాను.

ఒక మీటరును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరు. మన తల వెంట్రుక మందమే ఎనభై వేలు, లక్ష నానోమీటర్ల దాకా ఉంటుంది. మామూలుగా ఒకటి నుంచి వంద నానోమీటర్ల లోపల ఉండే కణాలను నానో కణాలు అంటారు. ఇంకో విషయం తెలిస్తే మీరు నవ్వుతారు. మన పాలలో కేసీన్ అనే మాంసకృత్తు చిన్న చిన్న ఉండలుగా ఉంటుంది. ఒక్కో ఉండ సుమారు నూరు నుంచి రెండు నూర్ల నానోమీటర్లు. పాలు తెల్లగా కనపడడానికి వెన్న బొట్లతో పాటు ఆ ఉండలు కూడా కారణం. అంటే పొద్దున్నే మనం చెంబులో పిండేది కూడా ఇంచుమించు నానో సరుకే.

కాబట్టి నానో అనేది మందు పేరు కాదు, సైజు పేరు. పిండి అన్నట్టు. రాగిపిండా, సున్నం పిండా అని అడగకుండా నోట్లో వేసుకుంటామా? సీసాలో నానో ఏముంది అని నేను ఆరోజు అడగలేదు. వేపనూనా, వెండా, జింకా, లేకపోతే మామూలు పురుగుమందే నీళ్లలో కలిపి నీలం రంగు వేసినారా? ఆ సీసా ఇంకా నా దగ్గరే ఉంది. దాని మీద ఎక్కడా రాయలేదు.

నిజంగా పరిశోధన జరుగుతోంది, అదీ చెప్పాలి. వేపనూనె సంగతే తీసుకోండి. మనందరం సబ్బునీళ్లలో కలిపి కొడతాం. కాసేపటికి నూనె పైకి తేలుతుంది, కొట్టింది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. పైగా ఎండ తగిలితే వేపలో ఉండే అసలు గుణం తొందరగా చెడిపోతుంది. ఆ నూనెను నానో సైజు బొట్లుగా చేస్తే నీళ్లలో విడిపోకుండా నిలుస్తుంది, సమానంగా పడుతుంది. పిడుదు పిల్లల మీద ల్యాబుల్లో పరీక్షించి బాగా చస్తున్నాయని చూసినారు. సంతోషమే. కానీ ల్యాబులో గాజు పళ్లెంలో ఉన్న పిడుదు వేరు, మా ఆవు చెవి లోపల వెంట్రుకల మధ్య దాక్కున్న పిడుదు వేరు. అక్కడ వాన లేదు, పేడ లేదు, ఆవు నాలుకతో నాకేది లేదు.

వెండి నానో కణాలు కూడా అంతే. సూక్ష్మక్రిములను చంపుతాయి, అది నిజం. పొదుగువాపుకు పనికొస్తుందేమోనని చూస్తున్నారు. కానీ వెండికి మంచి క్రిమి, చెడ్డ క్రిమి తేడా తెలియదు. ఆవు కడుపులో గడ్డిని అరిగించేది కూడా క్రిములే. ఎలుకల మీద చూస్తే వెండి కాలేయంలో పేరుకుంటుందని తేలింది. మన ఆవు పాలలోకి ఎంత వస్తుంది, ఎన్ని రోజులు వస్తుంది? ఆ పాలు పోసేది డెయిరీకే కాదు, మన మనవళ్లకు కూడా.

నాకు నిజంగా ఆశ ఉన్నది టీకాల మీద. కరోనా అప్పుడు ఫైజర్, మోడెర్నా వాళ్ల టీకాలు నానో సైజు కొవ్వు బొట్లలో పెట్టి ఇచ్చినవే. అంటే మనుషుల దగ్గర అది కోట్ల మందికి వేసి చూసిన పని. పశువుల దగ్గర కూడా టీకా సరుకును అట్లాంటి సన్న కణాల్లో పెట్టి ఇవ్వాలని చూస్తున్నారు. రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్ అనే పదార్థంతో కూడా చేస్తున్నారు. మన కోస్తాలో ఆ పొట్టుకు కొదవా?

ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను. థైలీరియాకు టీకా ఇప్పటికే ఉంది, మన హైదరాబాదులోనే తయారయింది. కానీ దాన్ని సూదులు వేసే ఆయన తెచ్చే డబ్బా మాదిరి, ద్రవ నత్రజనిలో పెట్టి తేవాలి. అందుకే మా ఊరికి నేను చూసినంతలో ఎప్పుడూ రాలేదు. పిడుదుకే టీకా కూడా చేసినారు తెలుసా? 1990ల్లో క్యూబా, ఆస్ట్రేలియా వాళ్లు చేసినారు. ఆ టీకా వేసిన ఆవు రక్తం తాగితే పిడుదు పేగు దెబ్బతిని చస్తుంది, లేదా గుడ్లు తగ్గుతాయి. కానీ దాని బలం కొన్ని నెలలే ఉంటుంది, మళ్లీ మళ్లీ వేయాలి. నానో పద్ధతిలో ఒక్క డోసు ఏడాది నిలిచేటట్టు, ఐసు డబ్బా లేకుండా ఊరికి చేరేటట్టు ఎవరైనా చేస్తే, నేనే వీధిలో డప్పు కొట్టి చెప్తాను. అట్లాంటిది వచ్చేదాకా నానో సీసాకు పెట్టే ధైర్యం నాకు లేదు.

ఎందుకంటే పిడుదు బతుకు ఆవు మీద ఒక్కటే కాదు. ఇది నాకు డాక్టరు చెప్పేవరకు తెలియదు. బాగా రక్తం తాగిన ఆడ పిడుదు కింద రాలి రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. థైలీరియా తెచ్చే రకం అయితే మధ్య మధ్యలో ఆవు మీద నుంచి దిగి, కొట్టం గోడ పగుళ్లలో దూరి, పొర విడిచి, మళ్లీ ఎక్కుతుంది. నేను ఆవు మీద మందు కొడుతున్నాను, అసలు సైన్యం గోడలో ఉంది. పాత మట్టిగోడ కొట్టం మాది, చెయ్యి పట్టేంత పగుళ్లు. ఇంకో ముఖ్యమైన మాట. రోగం ఉన్న పిడుదు కుట్టిన నిమిషంలో రోగం అంటదు. రెండు మూడు రోజులు అతుక్కుని రక్తం తాగినాకే క్రిమి ఆవులోకి పోతుంది. అంటే రోజూ ఏరితే చాలావరకు తప్పించుకోవచ్చు. నేను మానేసింది సరిగ్గా ఆ పనే! ఏరినవాటిని చేత్తో నలపొద్దు, కిరసనాయిల్లో వెయ్యండి. గుజరాత్‌లో 2011లో పిడుదుల నుంచి మనుషులకే ప్రాణం తీసే జ్వరం వచ్చింది.

పాత మందు ఎందుకు పనిచేయలేదు అంటే, అందులో మన తప్పు కూడా ఉంది. లేబుల్ మీద కొలత రాసి ఉంటుంది, మనం మూతతో అందాజుగా పోస్తాం. ఒకే మందు ఏళ్ల తరబడి కొడతాం. చావకుండా మిగిలిన పిడుదు పిల్లలకు ఆ మందు అలవాటైపోతుంది. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్‌కు పిడుదులు లొంగడం లేదని మన దేశంలో చాలా రాష్ట్రాల్లో తేలింది. ఏ ఊర్లో ఏ మందు పనిచేస్తుందో పిడుదులు పట్టుకుపోయి పరీక్ష చేస్తే తెలుస్తుంది. తిరుపతిలో మనకు పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. మట్టి పరీక్ష కార్డులు ఇచ్చినట్టు పిడుదు పరీక్ష మండలానికి ఒకటి చేసి, ఈ ఏడాది ఈ మందు కొట్టండి అని చెప్తే మాకు నానో కంటే ముందు అది మేలు. ఇది నేను గట్టిగా అడుగుతున్నాను. మీరూ రైతు సేవా కేంద్రంలో అడగండి.

నానో పేరుతో వ్యవసాయానికి, మేతకు వచ్చే సరుకును ఎట్లా పరీక్షించాలో 2020 జూలైలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి అమ్మేవాడిని అడిగే హక్కు మనకుంది. పశువుల మందు అయితే లేబుల్ మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, మనుషులకు కాదు పశువులకు మాత్రమే అన్న మాట, పశువు తల బొమ్మ ఉండాలి. నా సీసా మీద ఆవు బొమ్మ అయితే రంగుల్లో బ్రహ్మాండంగా ఉంది. నంబర్లే లేవు. పాలిచ్చే ఆవుకు కొడితే ఎన్ని రోజులు పాలు వాడకూడదో కూడా అడగండి. ఏమీ కాదు, ఈరోజే తాగొచ్చు అని ఠక్కున చెప్పినాడంటే సీసా అక్కడే పెట్టి వచ్చేయండి. గాలికుంటు రాదు అని చెప్పినా అంతే. గాలికుంటు వైరస్, అది పైన కొట్టే మందుతో ఆగదు. దానికి ఏడాదికి రెండుసార్లు ఉచితంగా టీకా వేస్తున్నారు, 2019 నుంచి కేంద్రమే ఖర్చు పెడుతోంది. టీకా వాళ్లు వచ్చిన రోజు పాలు తగ్గుతాయని ఆవుల్ని చేలోకి తోలేసేవాళ్లు మా ఊర్లోనే ఉన్నారు. వాళ్లే సంతలో సీసాలు కొంటున్నారు. కోపం రాదా మరి?

మా కొట్టంలో ఇప్పుడు గోడ పగుళ్లన్నీ పూడ్చి, కింద నుంచి నడుం ఎత్తు దాకా సిమెంటు పూసి, సున్నం కొడుతున్నాను. పొద్దున పాలు పిండేముందు పది నిమిషాలు చెవులు, పొదుగు చూస్తాను. జ్వరం వస్తే, జబ్బ ముందర గడ్డ కనపడితే అదే రోజు 1962కు ఫోన్. పిడుదులు పూర్తిగా పోయినాయా అంటే పోలేదు, తగ్గినాయి. ఒక పుంగనూరు పెయ్యను కూడా తెచ్చినాను. నాటు పశువు సంకరం కంటే ఈ రోగాన్ని బాగా తట్టుకుంటుంది. పాలు తక్కువ, అది వేరే లెక్క.

నిన్న రాత్రి ఆ మామకు ఫోన్ చేసి నా పెయ్య కథ మొత్తం చెప్పినాను. సీసా మూత ఇంకా తీయలేదంట. వాళ్లది కూడా మట్టిగోడ కొట్టమే. మా ఇంట్లో అరబస్తా సిమెంటు మిగిలి ఉంది, రేపు పొద్దున బండి మీద వేసుకుని పోతున్నాను. మీ దగ్గర కూడా అట్లాంటి సీసాలు ఉంటే లేబుల్ ఫోటో పెట్టండి, డాక్టరు గారికి చూపించి ఆయన ఏమన్నాడో ఇక్కడే రాస్తాను.