తాత నాటిన తోటలో ఆడబిడ్డ వాటా

మామిడి పండే ప్రాంతాలలో తాతల నాటి తోటలున్న ముస్లిం కుటుంబాలు నేటికీ కనిపిస్తాయి. అంటుమామిడి నాలుగైదేళ్లకే కాపు పట్టినా, నిండైన దిగుబడికి రావడానికి పదేళ్లు దాటుతుంది. టెంక నుండి మొలిపించిన చెట్టుకు అంతకన్నా ఎక్కువ కాలం కావాలి. కనుక తోట వేసేవాడు తనకన్నా తన సంతానాన్నే ఎక్కువగా తలచుకుని వేస్తాడు. ఏ చెట్టు కాయ ఆవకాయకు మేలు, ఏ చెట్టు ఏడాది విడిచి ఏడాది కాస్తుంది, ఏ మూల నేలలో చెమ్మ నిలుస్తుంది అన్న ఎరుక కూడా భూమితోపాటే వారసులకు అందుతుంది. పొలం అమ్మి మరొక పొలం కొనవచ్చును గాని, అరవై ఏళ్ల చెట్టును ఎక్కడి నుండి తేగలము?

ఈ విలువను మేము తక్కువ చేయడం లేదు. అయితే దాని పేరు చెప్పి మన ఇళ్లలో సాగుతున్న ఒక అన్యాయాన్ని ఈ నెల ప్రస్తావించదలిచాము. తండ్రి మరణానంతరం వాటాల మాట రాగానే, ఇది తాతగారి జ్ఞాపకమనీ, ముక్కలు కాకూడదనీ అన్నదమ్ములు ఏకమవుతారు. తమలో తాము పంచుకుని గట్టు వేసుకునేటప్పుడు మాత్రం ఆ జ్ఞాపకం వారికి అడ్డురాదు. అక్కచెల్లెళ్లచేత మాకేమీ వద్దని అనిపించి, ఎండాకాలంలో రెండు బుట్టల పండ్లు పంపి ఊరుకుంటారు.

తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు విడిచివెళ్లిన ఆస్తిలో పురుషులకు వాటా ఉన్నట్లే స్త్రీలకూ వాటా ఉందనీ, ఆ ఆస్తి కొంచెమైనా అధికమైనా ఇది నిర్ణయమైన భాగమనీ దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 7వ ఆయతు తెలుపుతున్నది. పొలానికిగాని తోటకుగాని అందులో మినహాయింపు లేదు. మినహాయింపు వచ్చింది మానవ శాసనంలో. 1937 నాటి షరీఅత్ చట్టం వ్యవసాయ భూమిని తన పరిధి నుండి తప్పించింది. 1949లో మద్రాసు ప్రభుత్వం సవరణ చేసి ఆ మినహాయింపును తొలగించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రభుత్వం క్రిందనే ఉండేవి. చట్టం దారికి వచ్చి ఏడు దశాబ్దాలు దాటినా, ఇళ్లలోని ఆచారం మారలేదు.

కుటుంబపు తోట అనగానే మదీనాలోని బైరుహా గుర్తుకు వస్తుంది. అన్సార్లలో ఖర్జూర తోటలు అధికంగా కలిగిన హజ్రత్ అబూ తల్హా (రజి)కు అన్నిటికన్నా ప్రియమైనది అదే. మస్జిదె నబవీకి ఎదురుగా ఉండేది. దైవప్రవక్త (స) అందులోకి వెళ్లి తియ్యని నీరు త్రాగేవారు. ప్రియమైన దానిని ఖర్చుచేయనిదే పుణ్యస్థాయిని అందుకోలేరన్న ఆయతు అవతరించినప్పుడు అబూ తల్హా (రజి) ఆ తోటను అల్లాహ్ మార్గంలో సమర్పించారు. దానిని దగ్గరి బంధువులకే ఇవ్వమని ప్రవక్త (స) సలహా ఇచ్చారు. అలా వాటా పొందినవారిలో కవి హస్సాన్ (రజి), ఉబై బిన్ కఅబ్ (రజి) ఉన్నారు.

తరువాతి సంగతి మన వ్యాసాలలో అరుదుగా కనిపిస్తుంది. హస్సాన్ (రజి) కాలక్రమంలో తన వాటాను ముఆవియా (రజి)కు అమ్మివేశారు. అబూ తల్హా దానాన్ని అమ్ముతారా అని అడిగినవారు ఉన్నారు. కొలత ఖర్జూరానికి కొలత వెండి నాణేలు వస్తుంటే ఎందుకు అమ్మకూడదన్నది ఆయన సమాధానం. ఇది సహీహ్ బుఖారీలో ఉన్నది. అడిగినవారి ఆవేదన మనకు అర్థమవుతుంది. మేమూ బహుశా అదే అడిగేవాళ్లము. అయినా వాటా ఆయనది, నిర్ణయమూ ఆయనదే.

తోట చెదరకూడదని నిజంగా కోరుకున్న వారు హజ్రత్ ఉమర్ (రజి). ఖైబర్‌లో లభించిన భూమిని అమ్మరాదు, దానమీయరాదు, వారసత్వంగా పంచరాదు అన్న షరతుతో వక్ఫ్ చేశారు. ఫలసాయం పేదలకు, బంధువులకు, బాటసారులకు, అతిథులకు. ఆయన దానిని కొడుకుల చేతిలో పెట్టలేదు. జీవించి ఉన్నంతకాలం తన కుమార్తె, విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి) నిర్వహించాలని వ్రాయించినట్లు అబూ దావూద్ ఉల్లేఖనం చెబుతున్నది.

ఇక మన తోటల సంగతి. వాటా ఇవ్వాలంటే చెట్ల మధ్య గట్టు వేయనక్కరలేదు. తోటను ఉమ్మడిగానే ఉంచి, దున్నకం, మందులు, కాపలా ఖర్చులు తీసివేసి, మిగిలిన ఆదాయాన్ని షరీఅత్ వాటాల ప్రకారం ఏటా పంచవచ్చును. ఎలాగూ చాలా తోటలు పూత మీదనే గుత్తకు పోతున్నాయి. వచ్చిన రొక్కాన్ని లెక్కగట్టడం కష్టమేమీ కాదు. సోదరి అమ్ముకోదలిస్తే, పంచని ఆస్తిలో తోటి హక్కుదారుకే మొదట కొనే అవకాశాన్ని ప్రవక్త (స) తీర్పు ఇచ్చింది. దానినే శుఫ్ఆ అంటారు. బజారు ధర చెల్లించి అన్నదమ్ములే ఆ భాగాన్ని తీసుకుంటే తోట బయటి చేతికి పోదు. ఆమె మనఃపూర్వకంగా వదులుకుంటానంటే ఆమె ఇష్టం. కాని ముందు వాటా ఎంతో తేల్చి, పత్రం ఆమె పేర వ్రాసి, చేతికి అందించిన తరువాతనే ఆ మాట అడగాలి. వచ్చే పూతకు గుత్తదారుడు బయానా తెచ్చేలోగా ఈ పత్రం సిద్ధం కావచ్చు.