చేతికంటిన మసి

యంత్రాన్ని వాడటం వేరు. యంత్రాన్ని ఎరగటం వేరు. పూర్వం ఈ రెండింటి మధ్య ఇంతటి ఎడం ఉండేది కాదు. నాగలి పట్టిన రైతుకు కర్రు ఎప్పుడు మొద్దుబారిందో తెలుసు. దానిని కమ్మరి కొలిమికి ఎప్పుడు చేర్చాలో తెలుసు. మగ్గం ముందు కూర్చున్న నేతగాడు పోగు తెగిన సంగతిని కంటికన్న ముందు చేతితోనే గుర్తించేవాడు. బండి తోలేవాడు ఇరుసుకు కందెన రాయనిదే ప్రయాణానికి బయలుదేరేవాడు కాడు. పనిముట్టును వాడేవాడే దాని బాగోగులు చూసుకొనేవాడు. ఆధునిక యంత్రయుగంలో ఈ సంబంధం సడలిపోయింది. లక్షల రూపాయలు వెచ్చించి కారు కొన్నవానికి దాని బానెట్ కింద ఏమున్నదో తెలియదు. తాళంచెవి తిప్పితే అది కదలాలి. కదలకపోతే ఎవరో వచ్చి కదిలించాలి. సొంత వస్తువు గురించి ఇంతటి అజ్ఞానాన్ని సహజమని భావించటం చదువుకొన్న సమాజానికి శోభనివ్వదు.

ఇందుకు పెట్రోలు కారులోని ఒక చిన్న భాగాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని పేరు థ్రోటిల్ బాడీ. మనిషికి ఊపిరి ఎట్లాగో ఇంజనుకు గాలి అట్లాగే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ గాలి మొదట ఎయిర్ ఫిల్టరులో వడపోతకు లోనై, ఒక గొట్టం గుండా థ్రోటిల్ బాడీని చేరి, అక్కడినుండి సిలిండర్లలోకి పోతుంది. థ్రోటిల్ బాడీ లోపల ఇరుసు మీద తిరిగే గుండ్రని లోహపు రేకు ఒకటి ఉంటుంది. సీతాకోకచిలుక రెక్కలను పోలినందున దానిని బటర్‌ఫ్లై వాల్వ్ అంటారు. యాక్సిలరేటరును తొక్కితే ఆ రేకు తెరుచుకొంటుంది. కాలు తీస్తే మూసుకొంటుంది. పాదంతో నొక్కినప్పుడు నేరుగా పెట్రోలే ప్రవహిస్తుందని చాలామంది అనుకొంటారు. నిజానికి డ్రైవరు పాదం అదుపు చేసేది గాలిని. ఎంత గాలి లోపలికి వచ్చిందో లెక్కకట్టి, దానికి తగినంత పెట్రోలును అందించే పని కారులోని కంప్యూటరుది.

ఎయిర్ ఫిల్టరు దుమ్మును ఆపుతుంది కదా, మరి థ్రోటిల్ బాడీకి మురికి ఎక్కడిదనే సందేహం కలుగుతుంది. ఆ మురికిలో ఎక్కువ భాగం ఇంజను లోపలిదే. ఇంజను అడుగుభాగంలో పుట్టే నూనె ఆవిర్లను బయటికి వదిలితే వాతావరణం కలుషితమవుతుంది. అందువల్ల వాటిని తిరిగి గాలిమార్గంలోకే మళ్ళిస్తారు. ఆ ఆవిర్లు, ఫిల్టరును దాటి వచ్చిన సన్నని ధూళితో కలిసి, రేకు అంచున నల్లని జిగురుపొరగా పేరుకొంటాయి. బండి నిలిచి ఉండి ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు రేకు తెరుచుకొనేది అతి స్వల్పంగానే. ఆ సన్నని సందును నల్లని పొర కమ్మివేస్తే ఇంజనుకు ఊపిరి సలపదు. కూడలిలో ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు బండి వణకటం, ఏసీ వేయగానే ఇంజను ఆగిపోవటం, యాక్సిలరేటరు తొక్కినా కొంత తడబడి గాని కదలకపోవటం దీని లక్షణాలు.

ఈ లక్షణాలు కనిపించినప్పుడే యజమాని నిస్సహాయత బయటపడుతుంది. బండిని మరమ్మతు కేంద్రానికి అప్పగిస్తాడు. సాయంత్రం అతని చేతికి ఒక బిల్లు వస్తుంది. అందులో ఏవేవో పేర్లు, వాటి పక్కన అంకెలు ఉంటాయి. ఏది అవసరమో, ఏది అనవసరమో అతనికి తెలియదు. ప్రశ్నించటానికి కావలసిన మాటలు కూడా అతని వద్ద లేవు. నిజాయితీపరుడైన మెకానిక్ చెప్పిన మాట, మోసగాడు చెప్పిన మాట అతనికి ఒకే విధంగా వినిపిస్తాయి. ఈ అజ్ఞానం వల్ల అతడు మోసపోవచ్చు. అంతకన్న విచారకరమైన విషయం, నిజాయితీగా పనిచేసినవానిని కూడా అనుమానించవచ్చు. తెలియనితనం ధననష్టంతో ఆగదు. మనుషుల మధ్య ఉండవలసిన నమ్మకాన్ని కూడా తినివేస్తుంది.

థ్రోటిల్ బాడీని శుభ్రం చేయటం చాలా కార్లలో ఇంటివద్ద సాధ్యమయ్యే పని. ఒక స్క్రూడ్రైవరు, చేతి తొడుగులు, కంటి అద్దాలు, నూగు రాలని మెత్తని గుడ్డ, ఆటోమొబైల్ దుకాణాలలో దొరికే థ్రోటిల్ బాడీ క్లీనర్ ఉంటే చాలు. ముందుగా ఇంజనును ఆపి, పూర్తిగా చల్లారనివ్వాలి. కారుతో వచ్చిన పుస్తకం చదివి, అందులో చెప్పిన ప్రకారం బ్యాటరీ రుణధ్రువపు తీగను విడదీయాలి. గాలిగొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్పులను వదులు చేసి, దానిని తొలగిస్తే థ్రోటిల్ రేకు కనిపిస్తుంది. క్లీనరును గుడ్డ మీద చల్లి, ఆ గుడ్డతో రేకునూ దాని అంచునూ మృదువుగా తుడవాలి. గుడ్డకు నల్లదనం అంటటం తగ్గేవరకు ఈ పనిని ఓపికగా చేయాలి. ఆపై అన్నింటినీ యథాస్థానంలో బిగించి ఇంజనును నడిపి చూడాలి. మురికి ఉన్న సందుకు అలవాటుపడిన కంప్యూటరు కొత్త స్థితిని గ్రహించేవరకు ఇంజను కాసేపు వేగంగా తిరగవచ్చు. కొన్ని కార్లలో అది తానే సర్దుకొంటుంది. మరికొన్నింటిలో అందుకు ప్రత్యేక పరికరం అవసరం.

పని చిన్నదే అయినా జాగ్రత్తలు చిన్నవి కావు. క్లీనరు త్వరగా మండే ద్రవం; దాని ఆవిరి ఊపిరితిత్తులకు హానికరం. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా, పిల్లలు దరిచేరకుండా ఈ పని చేయాలి. ఇనుప బ్రష్షుతో గీకితే నునుపైన ఉపరితలం పాడవుతుంది. కొన్ని థ్రోటిల్ బాడీలకు లోపల రక్షణపూత ఉంటుంది. ఘాటైన ద్రావకాలు ఆ పూతను కరిగించివేస్తాయి. నేటి కార్లలో రేకును చాలావరకు ఒక చిన్న మోటారు తిప్పుతుంది. దాని వెనుక సున్నితమైన పళ్ళచక్రాలు ఉంటాయి. కావున రేకును వేలితో బలవంతంగా తోయరాదు. తాళంచెవి తిప్పి ఉన్న స్థితిలో వేలు పెడితే రేకు హఠాత్తుగా కదిలి గాయపరచే ప్రమాదం కూడా ఉంది.

అన్నిటికన్న ముఖ్యమైనది ఎక్కడ ఆగాలో తెలియటం. ఇంజను వణకటానికి థ్రోటిల్ మురికి ఒక్కటే కారణం కాదు. అరిగిన స్పార్క్ ప్లగ్గులు, పూడుకొన్న ఫిల్టరు, చీలిన గాలిగొట్టం కూడా అదే లక్షణాన్ని చూపగలవు. శుభ్రం చేసినా మార్పు రాకపోతే, హెచ్చరిక దీపం వెలుగుతూనే ఉంటే, అది నిపుణునికి అప్పగించవలసిన పని. వారంటీ ఉన్న కారును దాని నిబంధనలు చూడకుండా విప్పటం వివేకం కాదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్నది పెద్దల మాట. గొడ్డలితో తప్ప పోనిదానికి గోరు చాలదన్నది కూడా అంతే నిజం. చేతిపని నేర్పే మొదటి గుణం ధైర్యమైతే రెండవది వినయం.

ఎవరి పని వారు చేసుకొంటే మెకానిక్ జీవనోపాధికి భంగం కలుగదా అని కొందరు అడగవచ్చు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వేలాది కుటుంబాలు వాహనాల మరమ్మతు మీదనే ఆధారపడి బతుకుతున్నాయి. కనుక ఆ ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు. ఐతే ఇంట్లో జ్వరానికి తడిగుడ్డ వేయటం తెలిసినంత మాత్రాన వైద్యుని అవసరం తీరదు. పైగా జబ్బు లక్షణాలను వైద్యునికి సరిగా చెప్పటం అలవడుతుంది. చేతికి మసి అంటించుకొన్నవానికే మెకానిక్ పడే శ్రమ విలువ తెలుస్తుంది. అరగంట పనికి తాను అరపూట తీసుకొన్నవాడు ఆ నైపుణ్యానికి ఇవ్వవలసిన కూలి దగ్గర బేరమాడటానికి సిగ్గుపడతాడు. తెలిసిన గిరాకీ మంచి పనివానికి పోటీ కాడు. అతని పనితనాన్ని గుర్తించగల మొదటి మనిషి.

ఈ విషయం విద్యావిధానానికి కూడా సంబంధించినది. 1937లో వార్ధా సదస్సులో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్ చేతిపనిని విద్యకు కేంద్రంగా నిలిపింది. చేతికీ మెదడుకూ మధ్య గోడ కట్టిన చదువు అసంపూర్ణమని దాని సారాంశం. ఆ గోడ నేటికీ కూలలేదు. ఇంధనం పూర్తిగా మండటానికి ఎంత ఆక్సిజన్ కావాలో ఇంటర్మీడియట్ విద్యార్థి కాగితం మీద లెక్క చేయగలడు. అదే లెక్క ఇంటిముందు నిలిచిన కారులో ప్రతిక్షణం జరుగుతున్నదని మాత్రం అతనికి తోచదు. పరీక్షలో మార్కులు తెచ్చిన సూత్రం కంటి ఎదుట పనిచేస్తుంటే గుర్తించలేకపోవటం చదువు లోపం. మసి అంటే పని చదువులేనివారిదనే భావన ఆ లోపానికి వేరు.

ఆడపిల్లల విషయంలో ఈ గోడ మరింత ఎత్తుగా ఉంది. స్కూటరు, కారు నడపటం నేర్పిన తల్లిదండ్రులే బానెట్ ఎత్తే పనిని అన్నదమ్ములకు అప్పగిస్తారు. దారిలో బండి ఆగినప్పుడు ఎక్కువ ఇబ్బంది పడేది ఆ జ్ఞానం అందనివారే. స్క్రూడ్రైవరుకు స్త్రీ పురుష భేదం లేదు. కాబట్టి ఈ విద్య ఇంట్లో అందరికీ సమానంగా అందాలి.

వాడుకరికి తన వస్తువును బాగుచేసుకొనే హక్కు ఉండాలన్న ఆలోచన చట్టం దృష్టికి కూడా వచ్చింది. విడిభాగాలనూ, లోపాలను గుర్తించే పరికరాలనూ బయటి మరమ్మతుదారులకు స్వేచ్ఛగా అందనివ్వటం లేదన్న కారణంతో 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల తయారీ సంస్థలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. ఆ ఉత్తర్వు తరువాత న్యాయస్థానాలకు ఎక్కింది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై ఒక కమిటీని నియమించి, అదే సంవత్సరం డిసెంబరులో ఇందుకోసం ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. ఇవి ఆహ్వానించదగిన పరిణామాలు. ఐతే హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన చాలదు. బానెట్ ఎత్తటానికే జంకేవానికి మరమ్మతు హక్కు ఇవ్వటం, చదవటం రానివానికి గ్రంథాలయం తాళంచెవి ఇవ్వటం వంటిది.

రేపటి విద్యుత్ కార్లలో గాలి పీల్చే ఇంజను ఉండదు. థ్రోటిల్ బాడీ కూడా ఉండదు. అప్పుడు ఈ నేర్పు వృథా కాదా అనవచ్చు. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినా నేలను ఎరిగిన రైతు జ్ఞానం వృథా కాలేదు. విద్యుత్ కారులోని అధిక వోల్టేజి బ్యాటరీ యజమాని చేయి పెట్టదగినది కాదు. ఐనా అది ఎందుకు ముట్టరానిదో, ఏది ముట్టదగినదో తెలియటం కూడా ఆ జ్ఞానంలో భాగమే. యంత్రాలు మారతాయి, పరిశీలించే కన్ను, ఓపిక కలిగిన చేయి, తెలియనిదానిని అడిగే నోరు మారవలసిన పనిలేదు.

తెలుగునాట దసరా పండుగనాడు వాహనాన్ని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, పూలమాల వేసి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి పూజించటం ఆచారం. అన్నం పెట్టే పనిముట్టును గౌరవించాలనే గొప్ప భావన అందులో ఉంది. ఐతే ఆ గౌరవం బానెట్ పైభాగం దగ్గరనే ఆగిపోరాదు. పైన పూలదండ, లోపల పేరుకొన్న మసి ఉంటే ఆ పూజ సగమే పూర్తయినట్లు. ఏడాదికి ఒక్కసారైనా యంత్రం లోపలికి తొంగిచూసి, తెలిసినంత మేరకు శుభ్రపరచి, తెలియనిదానిని తెలిసినవారి వద్ద నేర్చుకొన్ననాడు ఆయుధపూజకు అర్థం నిండుతుంది. చేతికంటిన మసి సబ్బుతో కడిగితే పోతుంది. ఆ మసి అంటినప్పుడు కలిగిన ఎరుక మాత్రం జీవితాంతం నిలుస్తుంది.