పేరు తెలుసు, ఊరు తెలియదు

మౌలాలి అన్న పేరును నలుగురు రాస్తే నాలుగు విధాలుగా రాస్తారు. గుట్ట మీద హజ్రత్ అలీ పేరిట వెలసిన దర్గా వల్ల అది ‘మౌలా అలీ’ అయింది. జనం నోళ్ళలో నలిగి మౌలాలిగా స్థిరపడింది. ఎవరెలా రాసినా ఉత్తరం మాత్రం చేరుతుంది. అడుగున 500040 అన్న అంకె ఉంటే చాలు. 1972లో తపాలా శాఖవారు పిన్‌కోడు పెట్టింది ఇటువంటి తికమకలు తప్పించడానికే. మనుషులకు పేరు సుళువు. బట్వాడాకు అంకె సుళువు.

కంప్యూటర్ల సంగతీ అంతే. వాటికి మనం పేర్లు పెట్టుకుంటాం గాని, అవి ఒకదాన్నొకటి ఎరిగేది అంకెలతోనే. పేరు చెబితే అంకె చెప్పే దుబాసీ మధ్యన ఉండాలి. ఆ దుబాసీ పలకకపోతే ఎంత పని అవుతుందో ఆమధ్య ఈ మౌలాలిలోనే చూశాను.

ఇక్కడి పారిశ్రామికవాడలో మా బంధువు ఒకాయనకు చిన్న కర్మాగారం ఉంది. ఆఫీసులో ఆరు కంప్యూటర్లు. ఒకదానిలో పద్దులన్నీ ఉంటాయి. దాని పేరు ‘అకౌంట్స్’. తక్కిన అయిదూ దాన్ని పేరుపెట్టి పిలిచి పని జరుపుకుంటాయి. సరిగ్గా జీతాలిచ్చే రోజున ఆ పిలుపు అందలేదు. అటువంటి యంత్రమే లేదని అయిదు తెరల మీదా ఒకటే మాట! విచిత్రమేమంటే, ఇంటర్నెట్టు భేషుగ్గా నడుస్తోంది. అమెరికా దొరుకుతోంది, పక్కగది దొరకడం లేదు.

బయట పనివాళ్ళు కాచుకుని ఉన్నారు. ఏళ్ళ తరబడి పద్దులు రాస్తున్న గుమాస్తాగారి మీదికి అనుమానం పోయింది. కిందటి సాయంత్రం ఆఖరున ఆ యంత్రం ముందు కూర్చున్నది ఆయనే. “ఏదో నొక్కేసి ఉంటారండీ, వయసు మీద పడింది గదా” అని ఎవరో అననే అన్నారు. పాపం, ఆయన ముఖాన నెత్తురు చుక్క లేదు.

కబురు పెడితే నా పాత శిష్యుడొకడు వచ్చాడు. ఇప్పుడతనికి ఈ నెట్‌వర్కుల పనే వృత్తి. ‘పింగ్’ అనే ఆజ్ఞతో ముందు 192.168.1.10 అన్న అంకెను పిలిచాడు. వెంటనే జవాబు వచ్చింది. తరువాత పేరుతో పిలిచాడు. జవాబు లేదు.

“మాస్టారూ, తీగ బాగుంది, యంత్రం బాగుంది. తెగిందల్లా పేరుకూ అంకెకూ మధ్య ముడి” అన్నాడు. ఆ అంకెతోనే పద్దులు తెరిచి చూపించాడు. ఒక్క అక్షరం పోలేదు! జీతాల పని అప్పుడే మొదలయింది.

“ఇక వీళ్ళు పేరు ఎవర్ని అడుగుతున్నారో చూద్దాం” అని ‘ఎన్ఎస్ లుకప్’ అనే మరో ఆజ్ఞ ఇచ్చాడు. అసలు సంగతి అక్కడ బయటపడింది. కిందటి రాత్రి అందరూ వెళ్ళాక, ఇంటర్నెట్టు మందంగా ఉందన్న ఫిర్యాదు మీద వచ్చిన మెకానిక్కు, అయిదు యంత్రాలకూ దుబాసీని మార్చి వెళ్ళాడు. అవి ఆఫీసు రౌటరును అడగడం మానేసి బయటి డైరెక్టరీని అడుగుతున్నాయి. దానికి లోకంలోని పేర్లన్నీ తెలుసు; మన పక్కగది పేరు ఎలా తెలుస్తుంది? ఇరుగు పొరుగు యంత్రాలు తమలో తాము కేకవేసి పిలుచుకునే పద్ధతి ఒకటి ఉంది గాని, ఆ ఆఫీసులో దాన్ని ఎప్పుడో ఆపివేశారు.

“అయిదింటిలోనూ ఆ పేరూ అంకే రాసి పెట్టేస్తే పోదా?” అన్నాడు మా బంధువు.

“రాయవచ్చు. రేపు అంకె మారితే అయిదు చోట్లా దిద్దాలి. ఒకచోట మరిచారా, మళ్ళీ ఇదే గొడవ” అన్నాడు మావాడు.

పూర్వం లోకమంతటికీ ఇదే గొడవ వచ్చిందట. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ దగ్గర ఒకే జాబితా ఉండేది. అందరూ దాన్ని ఎత్తి రాసుకునేవారు. యంత్రాలు పెరిగేసరికి జాబితా అందుకోలేకపోయింది. 1983లో పాల్ మోకాపెట్రిస్ అనే ఆయన కొత్త ఏర్పాటు చేశాడు. దాని ప్రకారం ఎవరి పేర్ల లెక్క వారి దగ్గరే ఉంటుంది. తక్కినవారికి ఎవర్ని అడగాలో తెలిస్తే చాలు. డీఎన్ఎస్ అంటే అదే.

మావాడు యంత్రాలు మళ్ళీ రౌటరునే అడిగేటట్టు చేశాడు. ‘లేదు’ అన్న జవాబును కూడా యంత్రం కొంతసేపు జ్ఞాపకం పెట్టుకుంటుంది. ఆ జ్ఞాపకాన్ని తుడిచాడు. ‘అకౌంట్స్’ అంకె ఇక మారకుండా రౌటరులో కట్టుదిట్టం చేశాడు. అంతా కలిసి అరగంట పని.

ఇంట్లో రెండు కంప్యూటర్లూ ఒక ప్రింటరూ ఉన్నవారికైనా ఇది పనికివచ్చే సంగతే. ఏ యంత్రానికి ఏ పేరు, ఏ అంకె, అది ఎవర్ని అడుగుతుంది అన్నది ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. మార్చినవారు ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో దాని మీద రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితం ఉండి ఉంటే గుమాస్తాగారు ఆ పూట అంత మాట పడవలసి వచ్చేది కాదు. సాయంత్రానికి జీతాలన్నీ అందాయి. ఆయనకు మాత్రం, పొరపాటయింది అని చెప్పినవారు ఒక్కరూ లేరు.